తొలి స్విస్ వాచీ కోసం హనుమకొండ నుంచి హైదరాబాద్‌కు రెండు రోజులు

2025 డిసెంబరులో రెండు రోజులు హైదరాబాద్ పోయి నా మొదటి స్విస్ వాచీ తెచ్చుకున్నాను. ఏ వాచీ అన్నది వారంలో తేలిపోయింది, లాంజిన్ కంపెనీ స్పిరిట్. ఎక్కడ కొనాలన్నదానికి మాత్రం మూడు నెలలు పట్టింది. మన దిక్కు నుంచి ఇట్లాంటి కొనుగోలుకు బయల్దేరేవాళ్లకు పనికొస్తుందని, తిరిగినవన్నీ రాస్తున్నాను.

మా బాపు కాజీపేటలో రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యాడు. 2022 నుంచి ఆ ఉద్యోగాన్ని ట్రెయిన్ మేనేజర్ అంటున్నారు గాని, మా ఇంట్లో ఇప్పటికీ గార్డే. ఆయన చేతికి హెచ్‌ఎంటీ జనతా ఉండేది. తెల్లవారుజామున డ్యూటీకి లేచి, లైటు వేయకుండా, చీకట్లోనే దానికి చాబీ తిప్పేవాడు. ఆ గరగర చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. లోలకం పాఠం వచ్చినప్పుడల్లా ఆ జనతానే క్లాసుకు పట్టుకుపోతాను. సెకనుకు 5 సార్లు కొట్టుకుంటుంది, గంటకు 18,000. బ్యాటరీ వాచీ నాకు ఎన్నడూ ఆనలేదు. పద్నాలుగేళ్ల సర్వీసులో నాకోసం నేను పెద్దగా కొనుక్కున్నదేమీ లేదు. రెండున్నర లక్షలు పక్కన పెట్టుకున్నాను.

మొదట అడిగింది హనుమకొండ చౌరస్తా దగ్గర, బాపు వాచీ బాగుచేసే పెద్దాయనను. చిన్న గాజు పెట్టె ముందు, కంటికి భూతద్దం పెట్టుకుని కూర్చుంటాడు. సంగతి చెప్తే పని ఆపి, భూతద్దం నుదుటి మీదికి నెట్టి నా దిక్కు చూశాడు. "బిడ్డా, కొను. మంచిదే. కానీ దాన్ని నా దగ్గర తెరిపియ్యకు. వెనక మూత తీసినంక కొత్త గాస్కెట్ వెయ్యాలె, నీళ్లు పోతలేవని మిషన్ల పెట్టి చూడాలె. ఆ మిషన్ నాకు లేదు. కొన్నకాడ్నే రిపేరుకు దిక్కున్నదా అడుగు. ధర తర్వాత అడుగు." నలభై ఏళ్లుగా వాచీలు విప్పుతున్న మనిషి తన చేతిలో లేని పని ఏదో దాచకుండా చెప్పాడు. ఆ తర్వాత ప్రతి దుకాణంలో నేను మొదట అడిగింది ఆయన చెప్పిన ప్రశ్నే.

వరంగల్, హనుమకొండల్లో టైటాన్ లాంటి వాటికి కొదవ లేదు. నేను వెతికే రకానికి మాత్రం హైదరాబాద్ పోవాల్సిందే. పోయే ముందు ఇంకో రెండు దారులు ముందుకొచ్చాయి.

ఒకటి దుబాయి. మా అక్కావాళ్లది జగిత్యాల దగ్గర, బావ పన్నెండేళ్లుగా అక్కడే ఉన్నాడు. "మరదలా, నేను పట్టుకొస్త, చానా తగ్గుతది" అన్నాడు. ప్రేమతో అన్న మాటే గాని, కాగితం మీద లెక్క వేస్తే వేరే కథ తేలింది. అక్కడ వ్యాట్ 5 శాతం. దాన్ని తిరిగిచ్చే పథకం టూరిస్టులకే, బావలాగా అక్కడ నివాసముండేవాళ్లకు వర్తించదు. పోనీ, నేనే టూరిస్టుగా పోయి తెచ్చుకుందామనుకున్నా వ్యాట్‌లో 85 శాతమే చేతికొస్తుంది, అందులోనూ కొంత ఫీజు పోతుంది. ఇక ఇక్కడ దిగేటప్పుడు, అప్పటి రూలు ప్రకారం 50,000 రూపాయల దాకా సుంకం లేదు, ఆపైన ఉన్నదాని మీద 38.5 శాతం. అక్కడ 2,10,000కు దొరికిందనుకుంటే 1,60,000 మీద 61,600 కట్టాలి. విమానం టికెట్టు సంగతి సరేసరి. "చేతికి పెట్టుకుని వస్తే ఎవరడుగుతరు" అనే మాట మన ఊళ్లల్లో మామూలే. నా మొదటి వాచీ దొంగచాటుగా దేశంలోకి రావడం నాకు ఇష్టం లేదు, బావకు ఆ మాటే చెప్పాను. సుంకం నియమాలు మారుతుంటాయి, మీరు పోయేనాటి లెక్క చూసుకోండి.

రెండోది తమ్ముడు చూపించిన ఆన్‌లైన్ దుకాణం. ధర ఇరవై శాతం తక్కువ. చిన్న అక్షరాల్లో చదివితే వారంటీ కంపెనీది కాదు, ఆ దుకాణానిది. రేపు ఆ దుకాణం మూతపడితే? తమ్ముడు దానికి జవాబు చెప్పలేకపోయాడు. అయినా నాతో వచ్చాడు.

పొద్దున్నే హనుమకొండ బస్టాండులో ఎక్కి, జనగామ దాటాక టీ తాగి, ఉప్పల్‌లో దిగేసరికి దాదాపు మూడు గంటలు. ఉప్పల్లో దిగడం మంచి పని, అక్కడి నుంచి మెట్రో నేరుగా హైటెక్ సిటీ దాకా పోతుంది. ట్రాఫిక్‌లో ఆటో కోసం అరుచుకునే బాధ లేదు.

మొదట పోయింది ఆ దిక్కున ఒక పెద్ద మాల్‌లోని దుకాణానికి. మెరిసిపోయే చోటు, ఏసీ, నీళ్ల సీసా కూడా ఇచ్చారు. కొనేది నేనని చెప్పినా అమ్మే అబ్బాయి మా తమ్ముడి వైపే తిరిగి మాట్లాడాడు. నా ముందు రాళ్లు పొదిగిన క్వార్ట్జ్, అంటే బ్యాటరీ వాచీలు పరిచాడు. చేతి కదలికకే చాబీ ఎక్కే ఆటోమేటిక్ చూపించమంటే "మేడమ్, ఆడవాళ్లకి ఇవే బాగుంటాయి, మెయింటెనెన్స్ ఉండదు" అన్నాడు. ఒంట్లో రక్తం మరిగింది. రెండున్నర లక్షలు పట్టుకుని వచ్చిన మనిషికి ఏం కావాలో కూడా వినకపోతే, రేపు రిపేరుకు వస్తే ఏం వింటారు? సర్వీస్ సంగతి అడిగితే "ముంబయి పంపుతాం, టైమ్ పడుతుంది" అన్నాడు, ఎంత టైమో చెప్పలేదు. ఎనిమిది శాతం తగ్గిస్తామన్నారు. లేచి వచ్చేశాను.

మధ్యాహ్నం జూబ్లీహిల్స్‌లో పాతవి అమ్మే చోటు. ఇది మాత్రం మర్యాదగల మనుషుల దుకాణమే. నేను అనుకున్న మోడలే, మూడేళ్లు వాడినది, ముప్పై శాతం తక్కువ. కిటికీ వెలుగులో పెట్టి చూశాను. కొత్తదానికి పట్టీ బిగించే కొమ్ముల అంచులు కత్తిలా పదునుగా ఉంటాయి. దీనివి సబ్బు అరిగినట్టు గుండ్రమై ఉన్నాయి. బాగా పాలిష్ పట్టారు. వారంటీ కార్డు లేదు. మూత ఎవరు తీశారో చెప్పే కాగితమూ లేదు. పాతది కొనడం తప్పేం కాదు, రెండోసారి కొనేవాళ్లకు మంచి దారి. మొదటిసారి కొనే కంటికి అంత తర్ఫీదు ఉండదు.

రాత్రి సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర లాడ్జిలో పడుకున్నాం. రెండు గదులు తీసుకున్నాం. దుప్పట్లు శుభ్రమే, వేడినీళ్లు మాత్రం ఎనిమిదింటి దాకే. రాత్రంతా హారన్లు. రైల్వే క్వార్టర్లలో పెరిగినదాన్ని కాబట్టి నేను నిద్రపోయాను, తమ్ముడు తెల్లారేదాకా మేలుకున్నాడు. ఈసారి పోతే అమీర్‌పేటలో దిగుతాను. రెండు మెట్రో లైన్లు కలిసే చోటు, ఏ దిక్కుకైనా సులువు.

రెండో రోజు ఎర్రమంజిల్ మెట్రోలో దిగి, ఆటోలో బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1 మీదికి. అక్కడొక అధీకృత డీలరు. కౌంటర్ వెనక యాభై దాటిన మనిషి. మొదటి ప్రశ్న, "అమ్మా, ఇప్పుడు ఏం పెట్టుకుంటున్నారు?" బాపు జనతా అని చేయి చూపించాను. ఆయన దాన్ని రెండు చేతులతో అందుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. "మంచి కండిషన్‌లో ఉంది. ఎవరు చూస్తారు?" చౌరస్తా పెద్దాయన గురించి చెప్పాను. అప్పుడు ట్రే మీద గుడ్డ పరిచి మూడు వాచీలు పెట్టాడు.

టిసో పీఆర్‌ఎక్స్ అందమైనది, పవర్‌మాటిక్ 80 ఇంజిను, తీసి పక్కన పెట్టినా 80 గంటలు నడుస్తుంది, ధర నా బడ్జెట్‌లో మూడో వంతు. నిజానికి డబ్బు గట్టిగా లెక్కపెట్టుకునేవాళ్లకు నేను చెప్పేది అదే. నా మనసు మాత్రం లాంజిన్ స్పిరిట్ 37 మిల్లీమీటర్ల దాని మీదే ఉంది. సెకనుకు 7 సార్లు కొట్టుకుంటుంది, 72 గంటలు నడుస్తుంది, క్రోనోమీటర్ సర్టిఫికెట్ ఉంది. అంటే ఇంజినును పరీక్షించినప్పుడు రోజుకు సగటున 4 సెకన్లు వెనక, 6 సెకన్లు ముందు హద్దులోపల ఉండాలన్నమాట. కిరీటం, అంటే పక్కనుండే చాబీ బుడిపె, విప్పి బయటికి లాగితే సెకన్ల ముల్లు టక్కున ఆగింది. లోపలికి నొక్కితే కదిలింది. జనతాలో ఆ సౌకర్యం లేదు.

నా ప్రశ్న అడిగాను. ఆయన నన్ను కౌంటర్ చివరికి తీసుకెళ్లాడు. గాజు వెనక ఒక చిన్న గది, తెల్ల కోటు వేసుకున్న కుర్రాడు, బల్ల మీద టైమ్‌గ్రాఫర్, వాచీ రోజుకు ఎంత ముందో వెనకో చూపే మిషన్. నేను ఎంచుకున్న లాంజిన్‌ను దాని మీద బోర్లించి, వెల్లకిలా, పక్కకు పెట్టి చూపించారు. డయల్ పైకి ఉంటే రోజుకు 3 సెకన్లు ముందు, కిరీటం కిందికి ఉంటే 1 సెకను ముందు. పట్టీ సరిచేయడం, నీళ్ల పరీక్ష ఇక్కడే. ఇంజిను విప్పాల్సి వస్తే కంపెనీ సర్వీస్ సెంటర్‌కు పంపుతారు, మూడు నుంచి ఆరు వారాలని రాసిచ్చారు. కంపెనీ వారంటీ 5 ఏళ్లు, కార్డు మీద సీరియల్ నంబరు, కొన్న తేదీ నా కళ్లముందే నింపి, వాచీ వెనక ఉన్న నంబరుతో కలిపి చూపించారు.

స్విట్జర్లాండ్ ఉన్న నాలుగు ఐరోపా దేశాల కూటమి ఈఎఫ్‌టీఏ దేశాలతో మన వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది కదా, కొన్నాళ్లు ఆగితే తగ్గుతుందా అనీ అడిగాను. "సుంకం ఏడేళ్లలో మెల్లమెల్లగా పోతుందమ్మా. ఈలోపు అక్కడి ధరలూ పెరగొచ్చు. మీ ఇష్టం" అన్నాడు. తొందరపెట్టలేదు. తగ్గించింది ఐదు శాతమే, మాల్‌లో అన్నదానికన్నా తక్కువ. ఆ మూడు శాతం ఆ గాజు గదికి ఇచ్చాననుకున్నాను.

ఒక జాగ్రత్త. బిల్లు రెండు లక్షలు దాటితే పాన్ తప్పనిసరి, రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడానికి వాళ్లకు చట్టం ఒప్పుకోదు. బాపు ఇంట్లోనుంచి నోట్ల కట్ట కట్టిస్తానన్నాడు, వద్దని కార్డు పట్టుకుపోవడం మంచిదైంది. కార్డు పరిమితి ముందురోజే బ్యాంకుకు చెప్పి పెంచుకోండి.

సాయంత్రం శాతవాహన రైల్లో తిరుగు ప్రయాణం. వాచీ చేతికి పెట్టుకోలేదు, డబ్బా సంచి అడుగున, దాని మీద స్వెటర్. చేతికి జనతానే. తమ్ముడు భువనగిరి రాకముందే నిద్రపోయాడు.

ఇంటికొచ్చేసరికి బాపు తినకుండా కూర్చున్నాడు. డబ్బా తెరిస్తే డయల్ మీది ఐదు నక్షత్రాలను వేలితో లెక్కపెట్టి, "రోజుకు ఎంత పోతది?" అన్నాడు.

"మూడు సెకన్లు ముందుకు, బాపూ."

"నాది నిమిషంన్నర ఎనకకు పోయేది. డ్యూటీ ఎక్కంగనే స్టేషన్ గడియారంతోటి కలుపుకునేటోన్ని." కాసేపు ఆగి, "వారానికి ఎంత?" అన్నాడు.

"ఇరవై ఒకటి."

"ఐతే ఆదివారం ఆదివారం కలుపుకుంటే సరిపోతది."

తెల్లారి ఆదివారం. ఫోన్‌లో టైమ్ పెట్టుకుని కిరీటం లాగడానికి ఇద్దరం కిటికీ దగ్గర కూర్చున్నాం.