ఆరేడొందల ఓబీడీ స్కానర్ పాత కారుకు పనికొస్తాదా? వాడినాక నా రివ్యూ

ఆన్‌లైన్‌లో ఆరేడొందలకు దొరికే ఆ చిన్న బ్లూటూత్ ఓబీడీ స్కానర్, అదే, కారు కంప్యూటర్ గుర్తుపెట్టుకున్న తప్పుల కోడ్లను ఫోన్‌లో చూపించేది, కొనాలా వద్దా అని అడిగేవాళ్ళకు ముందే చెప్పేస్తా, కొనండి, కాని దాంతో పాటే ఇంకో నాలుగొందలు పెట్టి వోల్టేజ్ కొలిచే ఒక డిజిటల్ మల్టీమీటర్ కూడా తెచ్చుకోండి. రెండిట్లో ఒకటే కొంటామంటే మాత్రం మీటరే కొనండి. పదేళ్ళు దాటిన బండి మీద రెండూ వాడి చూసి చెప్తున్న మాట ఇది.

మాది 2012 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. నాయనను ఆస్పత్రికి తీసుకపోవాలన్నా, పిలకాయలతో తిరుచానూరు పోవాలన్నా, పీలేరులో పెండ్లికి పోవాలన్నా ఇంటికంతా అదొక్కటే బండి. పోయిన కార్తీకం వానల్లో తిక్క మొదలైంది దానికి. అలిపిరి దాటి ఘాట్ ఎక్కేటప్పుడు సెకండ్ గేర్‌లో గట్టిగా తొక్కితే చాలు, బండి దడదడమని కొట్టుకునేది, మీటర్ బోర్డులో ఇంజన్ లైట్ ఆరి ఆరి వెలిగేది, మెల్లగా పోనిస్తే ఏమీ ఎరగనట్టు ఉండేది. దానికి తోడు పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఈడ్చుకుంటా తిరిగేది, రాత్రిపూట ఏసీ వేసి హారన్ కొడితే హెడ్‌లైట్లు డిమ్ అయిపోయేవి. ఒక గ్యారేజీలో చూపిస్తే బానెట్ ఎత్తి రెండు నిమిషాలు చూసి, ఈసీఎం పోయింది సార్, ఇరవై వేలు రెడీ చేసుకోండి అన్నారు. ఈసీఎం అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్. మీటర్ పెట్టింది లేదు, స్కానర్ పెట్టింది లేదు, కనీసం ఒక ప్లగ్గు విప్పింది లేదు. ఇంకోచోట బ్యాటరీ మార్చమన్నారు, అది వేసి ఏడాది కూడా కాలేదు. ఎవుడి నోటికొచ్చింది వాడు చెప్పేదే కదబ్బా అని అప్పుడు తెప్పించినా ఈ స్కానర్.

వస్తువు గురించి చెప్పాలంటే అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, ప్లాస్టిక్ చీప్‌గానే ఉంటాది. స్టీరింగ్ కింద, డ్యాష్‌బోర్డ్ అడుగున 16 పిన్నుల సాకెట్ ఉంటాది చూడండి, దాంట్లో గుచ్చి, తాళం ఆన్ చేసి, ఫోన్ బ్లూటూత్‌లో 1234 కొడితే జోడీ అయిపోతాది. యాప్ ఫ్రీదే చాలు, కార్ స్కానర్ లాంటిది. డబ్బా మీద ఈఎల్ఎం327 వెర్షన్ 1.5 అని గొప్పగా రాసుంటారు, అసలు చిప్ తయారుచేసిన కెనడా కంపెనీ 1.5 అనే వెర్షన్ ఎప్పుడూ తీయనేలేదు, అంటే మన చేతికొచ్చేవన్నీ కాపీలే. కాపీ అయినా కోడ్ చదవడానికి, చెరపడానికి, లైవ్‌లో ఆర్పీఎం, కూలెంట్ వేడి చూసుకోడానికి ఇబ్బంది లేదు, నాకైతే మధ్యలో కనెక్షన్ పోవడం తప్పితే పెద్ద కష్టం రాలేదు.

స్కానర్ పెట్టిన రూపాయి వసూలు చేసింది కోడ్ దగ్గరే. పీ0302 అని చూపించింది. అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్, ఆడ పెట్రోల్ సరిగ్గా మండడం లేదని. ఇక్కడ జాగ్రత్త, కోడ్ చెప్పేది యాడ మండలేదో అంతవరకే, ఎందుకు మండలేదో చెప్పదు. స్పార్క్ ప్లగ్గు కావొచ్చు, దానికి కరెంట్ ఇచ్చే కాయిల్ కావొచ్చు, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ కావొచ్చు, సిలిండర్‌లో కంప్రెషన్ (ఒత్తిడి) పోయుండొచ్చు. కోడ్ చూడంగానే పార్ట్ ఆర్డర్ పెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకు స్కానర్ ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. మా బండికి ప్రతి ప్లగ్గు మీదా ఒక కాయిల్ ఉంటాది, ఒక్క 10 నంబర్ బోల్టు, ఒక కనెక్టర్, అంతే. రెండో దాని కాయిల్ తీసి మూడో దాంట్లో, మూడోది తెచ్చి రెండో దాంట్లో పెట్టి, కోడ్ చెరిపేసి, ఈసారి భాకరాపేట ఘాట్ ఎక్కిచ్చినా. పైకి పోయేలోగా మళ్ళీ లైట్ కొట్టుకుంది, ఫోన్‌లో చూస్తే పీ0303. కాయిల్ యాడికి పోతే కోడ్ ఆడికే పోయింది, ఇంక అనుమానమే లేదు. కాయిల్ చేతిలోకి తీసుకుని ఎండలో తిప్పి చూస్తే రబ్బరు బూట్ మీద వెంట్రుకంత సన్నగా నల్లగీత, ప్లగ్గులోకి పోవాల్సిన స్పార్క్ ఆ దారిన పక్కకు దూకేస్తా ఉంది.

ఘాట్‌లోనే ఎందుకు అంటారా, లోడ్ పడినప్పుడు సిలిండర్‌లో ప్రెషర్ జాస్తి అవుతాది, ఆ ప్రెషర్‌లో ప్లగ్గు కొన దగ్గర స్పార్క్ దూకాలంటే ఇంకా ఎక్కువ వోల్టేజ్ కావాల, దెబ్బతిన్న కాయిల్ ఆ వోల్టేజ్‌ను కొనదాకా తీసుకపోలేదు, పగులు దొరికిన చోటే కారిపోతాది, వానాకాలం తేమకు ఇంకా సులువు. చదును రోడ్డు మీద టెస్ట్ డ్రైవ్ చేసి ఏం లేదు సార్ బాగుంది అని పంపించేస్తారే, అందుకే దొరకదు. ఇంకొకటి, ఇంజన్ లైట్ నిలకడగా వెలిగితే రేపు చూసుకోవచ్చు, ఆరి ఆరి వెలిగితే మాత్రం కాలు తీసేయండి, కాలని పెట్రోల్ పోయి సైలెన్సర్ దారిలో ఉండి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తాది, దాని రేటు వింటే కాయిల్ రేటు మీకు చిల్లర అనిపిస్తాది. కొత్త కాయిల్, నాలుగు ప్లగ్గులు కలిపి ఆ ఈసీఎం రేటులో ఐదో వంతు కూడా కాలేదు.

ఇంక స్కానర్ చేతులెత్తేసిన సంగతి. సెల్ఫ్ ఈడ్చడం, లైట్లు డిమ్ అవడం అట్లనే ఉంది, స్కానర్ పెడితే ఒక్క కోడ్ లేదు. లీలామహల్ సర్కిల్ వైపు ఒక పెద్దాయన ఉన్నాడు, పాతకాలం ఆటో ఎలక్ట్రీషియన్, ఆయన దగ్గర ఫోన్ తీసి గ్రాఫులు చూపించబోతే, ఆ సెల్లు జేబులో పెట్టు నైనా, ముందు ఎర్త్ చూద్దాం అన్నాడు. ఎర్త్ అంటే కరెంట్ తిరిగి బ్యాటరీ మైనస్‌కు చేరే దారి. మీటర్‌ను డీసీ 20 మీద పెట్టి, నల్ల వైరు బ్యాటరీ మైనస్ పోల్ మీద, ఎర్ర వైరు ఇంజన్ బ్లాకులో తుప్పులేని ఒక బోల్టు తల మీద ఒత్తి పట్టుకుని, సెల్ఫ్ కొట్టు అన్నాడు. మీటర్‌లో 1.8. అది అర వోల్ట్ లోపలే ఉండాల, బాగున్న బండిలో 0.2, 0.3 మించదు. ఇంత నష్టం మైనస్ దారిలోనే అంటే స్టార్టర్‌కు మిగిలేదెంత. ఇంజన్ ఆన్‌లో పెట్టి, ఏసీ, లైట్లు వేసి చూస్తే ఆల్టర్నేటర్ దగ్గర 14.3, బ్యాటరీ దగ్గర 13.6. అంటే ఆల్టర్నేటర్ బాగుంది, బ్యాటరీ బాగుంది, మధ్యలో దారి బాగలేదు.

బండి కిందికి దూరి చూస్తే గేర్‌బాక్స్ నుంచి బాడీకి పోయే ఎర్త్ పట్టీ, అల్లిన రాగి తీగ అంతా పచ్చగా చిలుము పట్టి, బోల్టు కింద తుప్పు పొర. కొత్త పట్టీ వేసి, బాడీ మీద పెయింటు, తుప్పు ఎమ్రీ పేపర్‌తో మెరిసేదాకా గీకి, బిగించినాక పైన వాసెలీన్ పూసినాడు. మళ్ళీ మీటర్ పెడితే 0.15. మొత్తం ఖర్చు ఒక ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ అంత. నేనైతే ఆ పెద్దాయనకు ఇచ్చింది తక్కువే అనుకుంటా, ఆయన పార్ట్ అమ్మలేదు, ఆలోచన అమ్మినాడు, దానికి మనవాళ్ళు ఇరవై రూపాయలు ఇవ్వడానికి కూడా ఏడుస్తారు.

అందుకే మీటర్ కొనమన్నా. ఇంట్లో చూసుకోడానికి నాలుగైదు నంబర్లు గుర్తుంటే చాలు. రాత్రంతా ఆపిన బండిలో బ్యాటరీ 12.6 ఉంటే ఫుల్, 12.2 అంటే సగమే ఉన్నట్టు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందికి పడిపోతే బ్యాటరీని అనుమానించొచ్చు, ముందు ఛార్జ్ ఫుల్‌గా ఉందో లేదో చూసుకోండి. ఇంజన్ నడిచేటప్పుడు 13.8 నుంచి 14.5 దాకా ఉండాల. స్కానర్ యాప్‌లో కూడా వోల్టేజ్ చూపిస్తాది గాని నమ్మొద్దు, నా దాంట్లో మీటర్ కంటే 0.3 తక్కువ చూపిస్తా ఉంది, ఈ లెక్కల్లో 0.3 అంటే అసలు రోగమే అంత.

స్కానర్ మీద నా కంప్లయింట్లు: పనైపోయినాక పీకేయాల, మర్చిపోకండి. ఆ సాకెట్‌లో 16వ పిన్నుకు తాళం తీసేసినా బ్యాటరీ కరెంట్ వస్తానే ఉంటాది, ఈ కాపీ స్కానర్లు నిద్రపోవు, బండి వారం పది రోజులు కదలకుండా ఉంటే పాత బ్యాటరీని తాగేస్తాది. మామూలు బ్లూటూత్ మోడల్ ఐఫోన్‌తో పనిచేయదు, వైఫైదో, బీఎల్ఈ అనే ఇంకో రకం బ్లూటూత్‌దో చూసి తీసుకోవాల, అమ్మేవాళ్ళు ఈ ముక్క చెప్పరు. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లు చాలా బండ్లలో చూపించదు, ఇంజన్ వరకే. కోడ్ చెరిపేసి బండి అమ్మేవాళ్ళు కూడా దీన్నే వాడతారు, సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్ళు జాగ్రత్త.

కొనే ముందు ఆర్సీలో మీ బండి బీఎస్ ఎంతో చూసుకోండి, బీఎస్ అంటే బండి పొగ మీద సర్కారు పెట్టిన కాలుష్య ప్రమాణం. బీఎస్4 అనేది 2010లో చెన్నై, హైదరాబాద్, బెంగళూరు లాంటి 13 నగరాల్లోనే వచ్చింది, దేశమంతా వచ్చింది 2017 ఏప్రిల్‌లో, అందుకే మన తిరుపతి, చిత్తూరు షోరూముల్లో అంతకుముందు కొన్న బండి బీఎస్3 అయ్యుండొచ్చు, అట్లాంటి వాటిలో సాకెట్ ఉన్నా ఈ చీప్ స్కానర్ మాట్లాడుతుందని గ్యారంటీ లేదు. మాది చెన్నైలో వాడిన బండి, బీఎస్4, అందుకే అడగంగానే పలికింది. మా బావమరిదిది చంద్రగిరిలో ఉండే 2009 డీజిల్, ఆదివారం దానికి పెట్టి చూడాల, కనెక్ట్ అవుతాదని నాకైతే నమ్మకం లేదు, మీటర్ మాత్రం పట్టుకుపోతా.