బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్: ఏఐ జవాబుల కోసం డబ్బు పెట్టే ముందు ఒకసారి తెరవండి

చాట్‌జీపీటీలో తమ వ్యాపారం పేరు రావట్లేదనగానే చాలామంది నెలనెలా చందా కట్టే ‘ఏఐ విజిబిలిటీ’ టూల్స్ వెంట పడతారు. ముందు ఉచితంగా దొరికే బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌తో మొదలుపెట్టడం మేలు. మీ సైట్ బింగ్ సెర్చ్‌లో ఎలా ఉందో ఇది చూపిస్తుంది. చాట్‌జీపీటీ సెర్చ్ ఆధారపడే వనరుల్లో మైక్రోసాఫ్ట్ సెర్చ్ ఇంజిన్ బింగ్ ఒకటి. ఏఐ అసిస్టెంట్ కోపైలట్ సంగతి సరేసరి, అదీ మైక్రోసాఫ్ట్‌దే.

సెటప్‌లో తిప్పలేం లేవు. సైట్ ఇప్పటికే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో (గూగుల్ ఇచ్చే ఇలాంటి టూల్) ఉంటే ఇంపోర్ట్ నొక్కితే చాలు, సైట్‌మ్యాప్‌తో (సైట్ పేజీల జాబితా) సహా వచ్చేస్తుంది. అంకెలు కనబడటానికి 48 గంటల దాకా పట్టొచ్చు.

అసలు పనికొచ్చేది యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్. పేజీ బింగ్ ఇండెక్స్‌లో, అంటే దాని సెర్చ్ జాబితాలో, ఉందో లేదో ఇది చూపిస్తుంది. ధరలు, సేవలు, తరచు అడిగే ప్రశ్నల పేజీలను ఒక్కొక్కటిగా ఇచ్చి చూడండి. ఇండెక్స్‌లో ఉన్నా జవాబుల్లోకి రాకపోతే పేజీ సోర్స్ (పేజీ వెనకున్న కోడ్) తెరిచి, అందులో మీ ధర కోసం వెతకండి. అక్కడ ధర కనబడకపోతే దాన్ని జావాస్క్రిప్ట్ (పేజీ తెరుచుకున్నాక నడిచే కోడ్) తర్వాత తెచ్చి పెడుతోందన్నమాట. చాలా ఏఐ బాట్‌లు (వెబ్ పేజీలను చదివే ప్రోగ్రాములు) జావాస్క్రిప్ట్‌ను నడపవు, కాబట్టి వాటికి ఆ ధర లేనట్టే.

ఏ బాట్ ఏ పేజీలు చూడొచ్చో చెప్పే ఫైల్‌ను రోబోట్స్ ఫైల్ అంటారు. దాన్ని పరీక్షించే రోబోట్స్ టెస్టర్ ఇందులో ఉంది, కానీ అది బింగ్ సొంత బాట్‌ల గురించే చెబుతుంది. చాట్‌జీపీటీ తయారుచేసే ఓపెన్‌ఏఐ బాట్‌లను మీరే చూసుకోవాలి. జీపీటీబాట్ ఏఐ శిక్షణ కోసం, ఓఏఐ-సెర్చ్‌బాట్ సెర్చ్ ఫలితాల కోసం. శిక్షణ వద్దనుకుని రెండింటినీ కలిపి ఆపేసిన సైట్‌లు తక్కువేం కాదు. రోబోట్స్ ఫైల్ బాగున్నా ఫైర్‌వాల్ (సైట్ రక్షణ వ్యవస్థ) అడ్డుకోవచ్చు, అదీ చూడండి.

ఇండెక్స్‌నౌ కూడా పెట్టుకోండి. కీ ఫైల్ (సైట్ మీదేనని చూపే చిన్న ఫైల్) సైట్ రూట్‌లో, అంటే మొదటి ఫోల్డర్‌లో, ఉంచితే పేజీ మారిన ప్రతిసారీ బింగ్‌కు కబురు పంపొచ్చు. గూగుల్ మాత్రం దీన్ని వాడదు.

లోటు ఎక్కడంటే, రాత ఎలా ఉండాలో బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్ చెప్పదు. అందులోని సైట్ స్కాన్ చూపే హెచ్1 (పేజీ ప్రధాన శీర్షిక), టైటిల్ పొడవు హెచ్చరికలన్నీ సున్నా చేసినా, ‘వేగవంతమైన సేవలు’ అన్న వాక్యంలోంచి ఏ ఏఐ ఏం తీసుకుంటుంది? ‘డెలివరీకి ఎన్ని రోజులు?’ అని ఉపశీర్షిక పెట్టి, కిందనే ‘ఆర్డర్ ఖరారయ్యాక 5 పని రోజులు’ అని రాస్తే ఆ ముక్క ఉన్నపళంగా జవాబులోకి వెళ్లగలదు.

చాట్‌జీపీటీ నుంచి వచ్చే క్లిక్‌లను, సైట్ సందర్శకుల లెక్కలు చూపే అనలిటిక్స్‌లో ‘చాట్‌జీపీటీ డాట్ కామ్’ సోర్స్ కింద చూడొచ్చు. జవాబు చదివేసి క్లిక్ చేయనివాళ్లు ఆ లెక్కలోకి రారు.