చేపల మేతలో సముద్రపు నాచు: వేరుశనగ చెక్కకి బదులా, తవుడుకి బదులా?

చేపల మేతలో సముద్రపు నాచు కలపమంటున్నారని చెబితే, "చెరువులో నాచు తీయించడానికే కూలి డబ్బులు పోస్తున్నాం, మళ్లీ నాచు కొని వెయ్యాలా?" అన్నాడు ఆకివీడు దగ్గర చేపల చెరువులున్న మా బాబాయి. నవ్వొచ్చింది. ఆయన తీయించేది మంచినీటి నాచు. మేతలో కలపమంటున్నది ఉప్పునీట్లో పెరిగే సర్గాసం, గ్రాసిలేరియా, ఉల్వా లాంటివి.

శీలావతి, బొచ్చె చేపలకి మనం కంతల సంచుల్లో కట్టేది నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క. మంచి చెక్కలో మాంసకృత్తులు 40 శాతం పైమాటే, తవుడులో 15, 16 ఉంటాయి. సర్గాసం లాంటి గోధుమరంగు నాచు ఎండాక కూడా 5 నుంచి 15 దాటదు. ఎరుపు, ఆకుపచ్చ రకాలు కొంత నయం, అదీ ఏ కాలంలో కోశారన్నదాన్ని బట్టి.

లెక్క వేద్దాం. 70 కిలోల తవుడు (16 శాతం), 30 కిలోల చెక్క (42 శాతం) కలిపితే మాంసకృత్తులు 23.8 కిలోలు. 10 కిలోల చెక్క తీసి 10 శాతం ఉన్న నాచుపొడి వేస్తే 20.6కి దిగిపోతాయి. అదే తవుడు తీసి వేస్తే 23.2. నాచు పోటీ తవుడుతోనే, చెక్కతో కాదు.

మరి నాచులో ఏముంది? ఖనిజాలు. ఎండు బరువులో 20 నుంచి 40 శాతం బూడిదే, అంటే కాల్చాక మిగిలే ఖనిజాలే. గోధుమరంగు రకాల్లో అయోడిన్ బాగా ఉంటుంది. పీచు చేపకి సరిగా అరగదు, కాబట్టి వంద కిలోల మేతకి 5 కిలోలు మించి నేనైతే వెయ్యను. గోధుమరంగు నాచులో ఉండే ఆల్జినేట్ అనే జిగురు మేతని నీళ్లలో విడిపోకుండా పట్టి ఉంచుతుంది. ఇది సంచి మేతకన్నా వనామీ రొయ్యల మేత గుళికలకే పనికొచ్చే గుణం, రొయ్య నెమ్మదిగా కొరుక్కు తింటుంది కదా.

చెక్కకీ లోపముంది. వానాకాలం గోడౌన్లో తడి తగిలితే బూజు, దాంతో అఫ్లాటాక్సిన్ అనే విషం, చేప కాలేయానికి దెబ్బ.

నాచు తేవడమే అసలు కష్టం. గోదావరి మొగల్లో బురద, మంచినీళ్లు. ఈ నాచుల్లో చాలా వాటికి పట్టుకోవడానికి రాయి కావాలి, అది విశాఖ వైపు ఉంది. పది కిలోల పచ్చి నాచు ఎండితే కిలో, కిలోన్నర.

బాబాయితో ఒక్క చెరువులో, తవుడు తగ్గించి, వందకి 3 కిలోలు వేసి చూద్దామన్నాను. నాచు మంచినీళ్లలో కడిగి ఎండబెట్టినదై ఉండాలి, ఆర్సెనిక్ అనే విషం ఎంతుందో చూసిన పరీక్ష కాగితం కూడా అడగాలి.