సీటీఎస్-వీ ఇంటర్‌కూలర్ అప్‌గ్రేడ్: టెక్సస్ వేసవుల్లో వాడి చూశాక

రెండో తరం క్యాడిలాక్ సీటీఎస్-వీ నడిపేవాళ్లు డాలస్, హ్యూస్టన్ వైపు ఉంటే ఈ సంగతి గమనించే ఉంటారు. పొద్దున్నే తీసినప్పుడు ఉన్న దూకుడు, సాయంత్రం ట్రాఫిక్‌లో అరగంట నలిగాక ఉండదు. బండిలో లోపమేమీ లేదు. 6.2 లీటర్ల ఎల్ఎస్ఏ ఇంజిన్ మీద ఈటన్ 1.9 లీటర్ల టీవీఎస్ సూపర్‌చార్జర్, అంటే గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి నెట్టే యంత్రం, కూర్చుని ఉంటుంది. కాగితం మీద ఉన్న 556 హార్స్‌పవర్ రావాలంటే లోపలికి వెళ్లే గాలి చల్లగా ఉండాలి. గాలి వేడెక్కితే నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి పేలడం) రాకుండా ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ ఈసీఎం ఇగ్నిషన్ టైమింగ్ తగ్గించేస్తుంది, పికప్ అక్కడే పడిపోతుంది.

ఈ ఇంజిన్‌లో ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ సూపర్‌చార్జర్ మూతలోనే ఉంటుంది. దాన్ని చల్లబరిచే నీటికి ఇంజిన్ కూలెంట్‌తో సంబంధం లేదు. దాని ట్యాంకు, ఎలక్ట్రిక్ పంపు వేరు. ముందు ఏసీ కండెన్సర్‌కి ఎదురుగా ఉండి, ఆ నీటి వేడిని బయటి గాలికి వదిలే హీట్ ఎక్స్ఛేంజరూ వేరే. నేను మార్చినవి రెండు: ఫ్యాక్టరీ హీట్ ఎక్స్ఛేంజర్ తీసేసి మందంగా ఉన్న డ్యూయల్ పాస్ (నీళ్లు రెండుసార్లు అడ్డంగా పారే) అల్యూమినియం ఎక్స్ఛేంజర్, పాత పంపు స్థానంలో పియర్‌బర్గ్ సీడబ్ల్యూఏ100. సూపర్‌చార్జర్‌ని తిప్పే పుల్లీ, ఈసీఎం ట్యూన్ ఫ్యాక్టరీవే. అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఎంత లాభమో తేలదు.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే ఎక్కువమంది డబ్బు తప్పు చోట పెట్టేది ఇక్కడే. ఉష్ణోగ్రతలన్నీ ఫారెన్‌హీట్‌లోనే చెప్తాను. బయట 100 డిగ్రీలుండి బూస్ట్, అంటే సూపర్‌చార్జర్ పెంచే గాలి ఒత్తిడి, 9 పీఎస్ఐ దగ్గరకొస్తే, సూపర్‌చార్జర్ సామర్థ్యం 70 శాతం అనుకున్నా గాలి సుమారు 215 డిగ్రీలతో బయటికొస్తుంది. దాన్ని 130కి దింపాలంటే ఫుల్ థ్రాటిల్‌లో నీళ్లు దాదాపు 20 కిలోవాట్ల వేడిని మోసుకెళ్లాలి. ఇంట్లో స్నానాల గీజర్లు పది ఒకేసారి వేసినంత. నిమిషానికి 4 గ్యాలన్ల కూలెంట్, నీళ్ల 50/50 మిశ్రమం పారుతుంటే ఆ నీళ్లు ఒక్క చుట్టులో 40 డిగ్రీలు వేడెక్కుతాయి. 8 గ్యాలన్లు పారితే 20 డిగ్రీలే. నీళ్లు మూతలోంచి బయటికొచ్చే వేళకి ఎంత వేడెక్కితే, ఇంటర్‌కూలర్ చివరి భాగం అంత తక్కువ పని చేస్తుంది. అందుకే నా లెక్కలో మొదటి డాలరు పంపు మీద పెట్టాలి, రెండోది ఎక్స్ఛేంజర్ మీద. బజారులో మాత్రం ఎక్స్ఛేంజర్లకే ప్రచారం ఎక్కువ. బయటికి కనబడేది అదే కదా.

ఇక ఫలితం. కొలిచింది ఇంటర్‌కూలర్ దాటాక గాలి ఉష్ణోగ్రత చూపే ఐఏటీ2 సెన్సర్ రీడింగ్, బండి డయాగ్నొస్టిక్ ప్లగ్ అయిన ఓబీడీ పోర్టు నుంచి. బయట 100 డిగ్రీలున్న మధ్యాహ్నం హైవే మీద నింపాదిగా వెళ్తుంటే ఫ్యాక్టరీ సెటప్‌లో 125 నుంచి 130 చూపించేది. ఇప్పుడు 110, 115 మధ్య ఉంటోంది. మూడో గేరులో రెడ్‌లైన్ దాకా లాగితే అప్పట్లో 155 దాటేది, ఇప్పుడు 130 చుట్టుపక్కలే ఆగుతోంది. అసలు తేడా మాత్రం ఆ తర్వాత తెలుస్తుంది. యాక్సిలరేటర్ వదిలాక మళ్లీ మామూలు స్థాయికి రావడానికి అప్పట్లో నిమిషాలు పట్టేది, ఇప్పుడు అర నిమిషంలో దిగిపోతోంది. క్రెసన్‌లోని మోటార్‌స్పోర్ట్ రాంచ్ లాంటి చోట ల్యాపులు వేసేవాళ్లకి కావలసింది ఇదే. ఒక్క లాగుడులో ఎంత దాకా ఎక్కిందన్నదానికంటే, తర్వాతి లాగుడుకి ముందు ఎంత దిగిందన్నదే ముఖ్యం.

దీనితో తీరనిది కూడా చెప్పాలి. సిగ్నల్ దగ్గర చాలాసేపు ఆగినా, పెట్రోలు బంకులో ఇంజిన్ ఆపి మళ్లీ తీసినా రీడింగ్ 140 పైకి పోతూనే ఉంది. మూత మొత్తం అల్యూమినియం, కింద వేడి ఇంజిన్. బండి కదలకపోతే ముందున్న ఎక్స్ఛేంజర్‌కి ఫ్యాన్ లాగే గాలి తప్ప దిక్కులేదు. కదిలిన కాసేపటికే దిగుతుందన్నది నిజం, ఆగినప్పుడు ఎక్కకుండా ఉండదన్నది కూడా అంతే నిజం.

బిగించే పని ఓపికున్నవాళ్లు ఇంట్లోనే చేసుకోవచ్చు, ఒక వారాంతం పడుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టాలి. బ్యాటరీ నెగటివ్ తీసి, ముందు భాగం జాక్ స్టాండ్ల మీద నిలపాలి. ముందు బంపర్ కవర్ ఊడదీయక తప్పదు. చక్రాల ఆర్చీల్లో స్క్రూలు, కింద షీల్డు, పైన ప్లాస్టిక్ క్లిప్పులు, ఫాగ్ లైట్ల కనెక్టర్లు ఉంటాయి. పాతబడిన క్లిప్పులు ఎండకి పెళుసెక్కి విరుగుతాయి, కొత్తవి ఓ పది దగ్గర పెట్టుకోండి. పాత కూలెంట్ వెడల్పాటి పాత్రలోకి వదలండి. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు పిల్లులు తాగితే ప్రాణం మీదికొస్తుంది. ఆరుబయట వదిలేయొద్దు.

కొత్త ఎక్స్ఛేంజర్ పెట్టెలోంచి తీసి నేరుగా బిగించేవాళ్లున్నారు. వద్దు. లోపల బ్రేజింగ్ ఫ్లక్స్ మిగిలి ఉంటుంది, అల్యూమినియం రజను కూడా ఉండొచ్చు. ఫ్లక్స్ కూలెంట్‌తో కలిసి జిగురులా తయారవుతుంది, రజను పంపు ఇంపెల్లర్‌కి శత్రువు. వేడి డిస్టిల్డ్ వాటర్ పోసి, రెండు చివరలూ మూసి, ఊపి పారబోయాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా ఇదే పని. నేను కడిగినప్పుడు తెల్ల గుడ్డ మీద పోసిన మొదటి నీళ్లలో సన్నటి వెండి పొడి మెరుస్తూ కనబడింది.

పంపు విషయంలో మూడు షరతులు. అది సెంట్రిఫ్యూగల్ పంపు, గాలిని తనంతట తాను లాగలేదు. కాబట్టి ట్యాంకు కంటే కిందే ఉండాలి, ట్యాంకు నుంచి నీళ్లు తమంతట తామే దాంట్లోకి దిగాలి. బాడీకి నేరుగా బిగిస్తే క్యాబిన్‌లోకి మూలుగు వినిపిస్తుంది, రబ్బరు బుష్ వేయాలి. మూడోది వైరింగు. ఇంత పెద్ద పంపు 12 వోల్టుల దగ్గర 8 ఆంపియర్ల దాకా లాగుతుంది. పాత పంపు సన్నటి వైరుకే అతికిస్తే పని చేస్తున్నట్టే ఉంటుంది గానీ వోల్టేజీ పడిపోతుంది, ప్రవాహం తగ్గుతుంది, పెట్టిన డబ్బులో సగం వైరులోనే వేడైపోతుంది. బ్యాటరీ నుంచి 14 గేజి వైరు, 15 ఆంపియర్ల ఫ్యూజు, రిలే వేయాలి. రిలేకి ఇగ్నిషన్‌తో ప్రాణం వచ్చేలా చూడాలి, పాత పంపు ఫీడుని దానికి సంకేతంగా వాడుకోవచ్చు. ఎర్త్ వైరు పెయింటు గీకిన చోట పెట్టాలి. అంతా అయ్యాక ఇంజిన్ నడుస్తుండగా పంపు టెర్మినళ్ల దగ్గరే మల్టీమీటర్ పెట్టి చూడండి. 13.5 వోల్టుల పైన ఉండాలి. 13 లోపు ఉంటే ఎక్కడో కనెక్షన్ బాగోలేదు. ఈ పంపు వేగాన్ని పీడబ్ల్యూఎం సిగ్నల్ (వేగంగా ఆన్, ఆఫ్ అయ్యే విద్యుత్ సంకేతం) నడిపిస్తుంది, అందుకే విడి పంపు కాకుండా కంట్రోలర్‌తో కలిపి అమ్మే కిట్టే తీసుకోవడం మేలు.

నీళ్ల దారి కూడా చూసుకోవాలి. ఎక్స్ఛేంజర్‌లోంచి బయటికొచ్చిన చల్లటి నీళ్లు ముందు మూతలోకే పోవాలి, అక్కడి నుంచి ట్యాంకుకి. హోసులు ముప్పావు అంగుళం లోపలి వ్యాసంవి. అవి ఈపీడీఎం రబ్బరు, నూనె గానీ గ్రీజు గానీ రాస్తే ఉబ్బి మెత్తబడతాయి. ఎక్కడం కష్టంగా ఉంటే కూలెంట్‌తోనే తడపండి. నాకొచ్చిన కిట్‌లో స్క్రూ క్లాంపులు నాసిరకంగా ఉన్నాయి. చిల్లులు తెగి ఉన్న పట్టీలు రబ్బరును కోసేస్తాయి, లోపల నున్నగా ఉండే క్లాంపులు విడిగా కొన్నాను. ఎంత బిగిస్తే అంత మంచిదనుకోవద్దు, 4 న్యూటన్ మీటర్లు చాలు. వేడెక్కి చల్లారాక రబ్బరు కాస్త కుదురుకుంటుంది, మొదటి వారంలోనే మళ్లీ ఓసారి పట్టు చూడాలి.

బంపర్ పెట్టేయకముందే ప్రెషర్ టెస్ట్ చేయాలి. ట్యాంకు మూత మీద రాసున్న ఒత్తిడి దాటకుండా టెస్టర్ చేతి పంపుతో గాలి కొట్టి ఇరవై నిమిషాలు వదిలేయండి. గేజి ముల్లు కదలకూడదు. పడిపోతోంది, బయట ఎక్కడా చెమ్మ లేదు అంటే మూతలోని ఇంటర్‌కూలర్ మీదే అనుమానం. అక్కడ కారితే నీళ్లు నేరుగా సిలిండర్లలోకి పోతాయి. పొద్దున్న స్టార్ట్ చేయగానే తెల్లటి పొగ, ట్యాంకులో మట్టం తగ్గడం ఈ జబ్బు గుర్తులు. ఆ స్థితిలో బండి తీయొద్దు. సిలిండర్‌లో నీళ్లు నిలిస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

ఈ అప్‌గ్రేడ్ పేరు చెడేది ఎక్కువగా ఎయిర్ లాక్ వల్లే. సర్క్యూట్‌లో అన్నిటికంటే ఎత్తున ఉండేది సూపర్‌చార్జర్ మూత. గాలి అక్కడికే చేరి కూర్చుంటుంది. పంపు తిరుగుతున్న శబ్దం వస్తుంది, చేతికి హోసు వణుకు తెలుస్తుంది, కానీ నీళ్లు కదలవు. ఐఏటీ2 పాత సెటప్ కంటే దారుణంగా ఎక్కుతుంది. అప్పుడు “కిట్ పనికిరాదు” అని తీర్మానించేస్తారు. వ్యాక్యూమ్ ఫిల్ పరికరం దొరికితే వేరే ఆలోచనే వద్దు. షాప్ కంప్రెసర్‌తో సర్క్యూట్‌లోని గాలంతా లాగేసి, అదే వ్యాక్యూమ్‌తో కూలెంట్ పీల్చేలా చేస్తుంది. హోసులు నొక్కుకుపోవడం చూసి కంగారు పడక్కర్లేదు. ముల్లు కాసేపు నిలబడితే లీకు లేదన్న భరోసా కూడా వస్తుంది. ఆ పరికరం లేకపోతే ముందు భాగం బాగా ఎత్తి, ట్యాంకు మూత తీసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా పంపు ఒక్కటే నడపాలి. హోసుల్ని చేత్తో పిసుకుతూ ఉండాలి. మొదట పాలలా తెల్లటి నురుగొస్తుంది, క్రమంగా విడి బుడగలు, చివరికి ట్యాంకులో నీళ్లు తేటగా సుడి తిరుగుతూ కనబడతాయి. దీనికి అరగంట పట్టినా విసుక్కోవద్దు. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు మట్టం కాస్త పడిపోయి ఉంటుంది, నింపండి. రెండు గ్యాలన్ల మిశ్రమం సిద్ధంగా ఉంటే మొత్తం పనికి సరిపోతుంది.

ఏ మిశ్రమం అన్నదానికి నా జవాబు డెక్స్‌కూల్ కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. నీళ్లు ఎక్కువుంటే వేడి బాగా మోస్తాయన్నది నిజమే, ట్రాక్ వాళ్లు అందుకే ఉత్త నీళ్లకి తుప్పు నిరోధకం కలిపి వాడతారు. టెక్సస్‌లో చలి ఎక్కడుందిలే అనుకునేవాళ్లు 2021 ఫిబ్రవరి గుర్తు చేసుకోవాలి, డాలస్‌లో ఫారెన్‌హీట్ లెక్కలోనే సున్నా కిందికి పోయింది. 30 శాతం గ్లైకాల్ (కూలెంట్‌లో గడ్డకట్టనివ్వని పదార్థం) ఉన్న మిశ్రమం 5 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. సగం సగం అయితే మైనస్ 34 దాకా భయం లేదు. పగిలిన ఇంటర్‌కూలర్ ఖరీదుతో పోలిస్తే ఆ కొద్ది డిగ్రీల లాభం లెక్కలోకి రాదు.

ఎక్స్ఛేంజర్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ గాలి మళ్లింపు ముక్కలు కొత్తదాని మందానికి సరిగ్గా కూర్చోవు. వాటిని పక్కన పారేయొద్దు. గాలి ఎప్పుడూ అడ్డం లేని దారే వెతుక్కుంటుంది, పక్కన సందు దొరికితే ఎక్స్ఛేంజర్‌లోంచి వెళ్లదు. అవసరమైతే కోసి అమర్చి, మిగిలిన సందుల్లో వేడిని తట్టుకునే ఫోమ్ పట్టీలు అతికించండి. నా బండిలో హైవే రీడింగులు స్థిరపడింది ఇది చేశాకే. మందపాటి ఎక్స్ఛేంజర్ వెనకున్న కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ గాలి తగ్గిస్తుందన్నది కూడా తెలుసుకోవాలి. మండుటెండలో ఏసీ వేసుకుని ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ ఉష్ణోగ్రత మునుపటి కంటే కొద్ది డిగ్రీలు ఎక్కువ కనబడుతోంది. ప్రమాదం కాదు, కానీ రేడియేటర్ అప్పటికే పాతదై సగం మూసుకుపోయి ఉంటే ముందు దాన్ని బాగుచేయించండి.

ఖర్చు రెండూ కలిపి వెయ్యి డాలర్ల చుట్టూ ఉంటుంది, షాపులో చేయిస్తే కూలి అదనం. చిన్న పుల్లీ వేసి బూస్ట్ పెంచాలనుకునేవాళ్లు దీన్ని ముందే వేయించుకోవాలి, పుల్లీ పెంచిన వేడి ఈ లాభాన్ని చాలావరకు తినేస్తుంది. డిక్కీలో ఐదు గ్యాలన్ల ఐస్ ట్యాంకు పెట్టడం డ్రాగ్ స్ట్రిప్‌కే సరి. నీళ్ల బరువే నలభై పౌండ్లు దాటుతుంది, పైగా ఒకసారి వేడెక్కితే అంత నీళ్లు చల్లారడానికీ అంతే సమయం. ఆఫీసుకి, కిరాణాకి తప్ప బండి తీయనివాళ్లకి కొత్త ఎక్స్ఛేంజర్ అవసరం లేదు. పాత పంపు మాత్రం పరీక్షించుకోండి. అది ఆగిపోయినా చాలాసార్లు డాష్‌బోర్డులో ఏ లైటూ వెలగదు. ఇగ్నిషన్ వేసి, చల్లటి ట్యాంకు మూత తీసి లోపలికి చూడండి, నీళ్లు కదలకపోతే పంపుకి కరెంటు వస్తోందో లేదో మల్టీమీటర్‌తో చూడండి. కరెంటు ఉండీ నీళ్లు కదలడం లేదంటే పంపు పోయిందన్నమాటే.

ఏటా వసంతంలో గ్రిల్ సందులోంచి ఎక్స్ఛేంజర్ ఫిన్లు చూడటం మర్చిపోవద్దు. పురుగులు, దూది పీచు పేరుకుంటాయి. ప్రెషర్ వాషర్ దగ్గర పెడితే ఫిన్లు పడుకుంటాయి, తోట గొట్టంతో మామూలు ధారే వెనక నుంచి ముందుకు కొట్టాలి.