నెలవంక మోనోఫిన్: ఆకారం చూసి మోసపోకండి, వంపు చూసి కొనండి

రెండు పాదాలూ ఒకే రెక్కలో దూర్చి, నడుము నుంచి కొట్టే ఫైబర్‌గ్లాస్ మోనోఫిన్ ఇది. వెనక అంచు నెలవంకలా కోసి ఉంటుంది. దీన్ని 'సొరచేప తోక' అని అమ్మేవాళ్ల మాట నమ్మనక్కర్లేదు. సొర తోక నిలువుగా ఉండి పక్కలకు ఊగుతుంది. ఇది అడ్డంగా ఉండి పైకీ కిందికీ ఊగుతుంది కాబట్టి డాల్ఫిన్ వరస.

ఆకారంతో లాభం మాత్రం ఉంది. సూర (ట్యూనా) చేప తోక సన్నటి నెలవంక, కొర్రమేను తోక గుండ్రటి విసనకర్ర. తోక కొసల దగ్గర నీరు సుడి తిరిగి కొంత శక్తిని తినేస్తుంది. వైశాల్యం తక్కువగా, వెడల్పు ఎక్కువగా ఉన్న తోకకు ఆ నష్టం తక్కువ. ఆగకుండా ఈదే సూరకు అది కావాలి. మాటువేసి ఒక్క ఉదుటున దూకే కొర్రమేనుకు నీటిని గట్టిగా తోసే విసనకర్రే మేలు. వెడల్పు వర్గాన్ని వైశాల్యంతో భాగిస్తే ఈ తేడా అంకెల్లో తెలుస్తుంది: 70 సెం.మీ. వెడల్పు, 2,500 చ.సెం.మీ. వైశాల్యం ఉన్న మోనోఫిన్‌కు దాదాపు 2, సూరకు 5 పైనే. ఫిన్‌స్విమ్మింగ్ (రెక్కలు తొడిగి ఈదే) పోటీల్లో వెడల్పు 76 సెం.మీ. దాటకూడదు. ఇక అంకె పెరగాలంటే వైశాల్యం కోయాలి, అప్పుడు పూల్ గోడ వదిలిన మొదటి రెండు మూడు దెబ్బల్లో పట్టు తగ్గుతుంది.

అసలు డబ్బు పెట్టాల్సింది బ్లేడ్ (పాదాల ముందున్న రెక్క పలక) వంపుకి. పాదాల దగ్గర మందంగా మొదలై అంచుకు వచ్చేసరికి పలచబడాలి. పాదాలు దూర్చే తొడుగు పట్టుకుని అంచు నొక్కి చూడండి. గాలం బద్దలా కొస వైపు పోయేకొద్దీ ఎక్కువ వంగితే మంచిది. వేళ్ల ముందు ఒక్కచోటే మడత పడితే నీరు పక్కలకు జారిపోతుంది, తోపు రాదు. అసలు వంగకపోతే భారం చీలమండల మీద పడుతుంది: మోకాళ్లు సైకిల్ తొక్కినట్టు మడుస్తారు, పిక్కలు పట్టేస్తాయి. కొత్తవారికి మెత్తటి బ్లేడే సరి.

తొడుగు కొలత 2–3 మి.మీ. నియోప్రీన్ సాక్సులు వేసుకునే చూడాలి. మడమ జారితే ప్రతి దెబ్బలో కొంత ఊరికే పోతుంది, బిగిస్తే వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

డాల్ఫిన్ కిక్ (రెండు కాళ్లూ కలిపి పైకీ కిందికీ కొట్టడం) రానివారు దీన్ని కొనొద్దు, ముందు పొట్టి రబ్బరు ఫిన్స్ చాలు. వచ్చినవారు 25 మీటర్లు ఆరుసార్లు, మధ్యలో 30 సెకన్ల విరామంతో మొదలుపెట్టాలి. ఊపిరి బిగబట్టే సాధన ఒంటరిగా ఎప్పుడూ వద్దు. ఇంత వెడల్పు రెక్క పక్కవారి కాళ్లకు తగులుతుంది కాబట్టి పూల్ వాళ్లను ముందే అడగండి. గుడ్డ తొడిగిన మత్స్యకన్య తోకలు ఫొటోలకే.

వాడాక మంచినీటితో కడిగి, నీడలో వేలాడదీయాలి. అంచు మీద నిలబెడితే బ్లేడ్ వంకర తిరుగుతుంది. వేళ్ల ముందు తెల్ల గీత కనబడితే లోపల పొరలు విడిపోతున్నట్టే. గీత వేలికి గరుకుగా తగిలితే వాడకం ఆపాలి, లేచిన ఫైబర్‌గ్లాస్ పోగులు చర్మంలో గుచ్చుకుంటాయి.