విద్యుత్ పడవకు ఏ కనెక్టరు మేలు: ఎక్స్‌టీ90, ఈసీ5, లేక విడి బులెట్లా?

రేడియో నియంత్రణతో నడిచే విద్యుత్ పడవకు బ్యాటరీ కనెక్టరు ఎంచుకునేటప్పుడు చాలామంది దాని పేరులో ఉన్న ఆంపియర్ల అంకెను చూసి ఊరుకుంటారు. కారుకో విమానానికో ఆ లెక్క కొంతవరకు చెల్లుతుంది గాని పడవకు చెల్లదు. కారు మలుపు దగ్గర నెమ్మదించినప్పుడు, విమానం కిందికి దిగేటప్పుడు మోటారు తీసుకునే కరెంటు పడిపోయి, కనెక్టరుకు చల్లారే వ్యవధి దొరుకుతుంది. పడవలో ప్రొపెల్లరు నీటిని తోస్తున్నంతసేపూ భారం తగ్గదు. పైగా నీరు లోపలికి రాకుండా మూత అంచులను టేపుతో మూసేస్తాం కాబట్టి లోపల గాలి ఆడదు. మోటారుకూ, దాని వేగాన్ని నియంత్రించే ఈఎస్‌సీకీ గొట్టాల ద్వారా నీటి చల్లదనం అందుతుంది, కనెక్టరుకు అదీ ఉండదు.

కనెక్టరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఒక పిన్ను జతలో అర మిల్లీఓమ్ నిరోధం ఉందనుకుంటే, 60 ఆంపియర్ల దగ్గర అక్కడ 1.8 వాట్ల వేడి పుడుతుంది; 120 ఆంపియర్లకు అది 7.2 వాట్లవుతుంది, ధన ఋణ జతలు రెండూ కలిపితే దానికి రెట్టింపు. ఆ వేడికి నైలాన్ తొడుగు మెత్తబడుతుంది, పిన్నుల బిగువు సడలుతుంది, బిగువు సడలిన చోట నిరోధం ఇంకా పెరుగుతుంది. కాబట్టి పేరులోని అంకెను అనుమానంతోనే చూడాలి. ఉదాహరణకు ఎక్స్‌టీ60 అనే చిన్న కనెక్టరుకు దాని తయారీ సంస్థ అమాస్ చెప్పే నిరంతర పరిమితి 30 ఆంపియర్లే; 60 అన్నది కొద్ది క్షణాల మాట.

తెల్లని తమియా కనెక్టరు 7.2 వోల్టుల నికెల్ బ్యాటరీల కాలం నాటిది, దాన్ని ఇక్కడ లెక్కలోకి తీసుకోనక్కరలేదు. టీ-ప్లగ్ అని కూడా పిలిచే డీన్స్ కనెక్టరులోని చదును రేకులు కరెంటును బాగానే మోస్తాయి గాని, పట్టుకోవడానికి చోటు లేని ఆ చిన్న ప్లగ్గును తడి చేతులతో ఊడదీయడం గగనం. విసిగి తీగలను పట్టి లాగితే టంకం అతుకు దెబ్బతింటుంది. 2ఎస్, 3ఎస్ లిపోతో, అంటే రెండు లేదా మూడు సెల్లులను వరుసగా కలిపిన లిథియం పాలిమర్ బ్యాటరీతో, నడిచే చిన్న పడవకు ఎక్స్‌టీ60 సరిపోతుంది. డ్రోన్ల వాడకం పెరిగాక మన దగ్గర అది సులువుగా దొరుకుతోంది కూడా.

అసలు పోటీ 4ఎస్, 6ఎస్ పడవల దగ్గర, ఎక్స్‌టీ90కీ ఈసీ5కీ మధ్య ఉంటుంది. మొదటిదానిలో పిన్ను వ్యాసం 4.5 మి.మీ., రెండోదానిలో 5 మి.మీ. కరెంటు విషయంలో ఈసీ5ది కొంచెం పైచేయి అనవచ్చు గాని, మంచి అతుకుకూ చెడ్డ అతుకుకూ ఉండే తేడా ముందు అది చిన్నదే. ఎక్స్‌టీ90లో పిన్నులు తొడుగులోనే బిగించి ఉంటాయి. టంకం వేసేటప్పుడు తొడుగు వేడెక్కి పిన్ను పక్కకు ఒరగకుండా రెండో సగాన్ని తగిలించి ఉంచాలి, పెద్ద మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్‌తో త్వరగా ముగించాలి. ఈసీ5లో పిన్నును బయటే తీగకు అతికి, తర్వాత తొడుగులోకి టక్కుమనేదాకా నెడతాం కాబట్టి నైలాన్‌కు ఆ ముప్పు లేదు. అయితే ఒకసారి లోపల కూర్చున్న పిన్నును మళ్ళీ బయటికి తీయడం కష్టం, ధన ఋణాలు తారుమారైతే తొడుగును కోయవలసి వస్తుంది. స్పెక్ట్రమ్ సంస్థ ఐసీ5 కనెక్టరు ఈసీ5లో నేరుగా ఇముడుతుంది. కొన్న పడవలో ఈసీ5, ఐసీ5లలో ఏదైనా ముందే ఉంటే, ఎక్స్‌టీ90 కోసం దాన్ని కోయడానికి నాకు కారణం కనిపించదు. కొత్తగా కట్టుకునేవారికి మాత్రం ఎక్స్‌టీ90-ఎస్ వైపే మొగ్గుతాను, దానికి కారణం నిప్పురవ్వ.

నిండా ఛార్జి చేసిన 6ఎస్ బ్యాటరీలో 25.2 వోల్టులుంటాయి. దాన్ని తగిలించగానే ఈఎస్‌సీలోని ఖాళీ కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంటును లాక్కోవడంతో పిన్ను కొన దగ్గర నిప్పురవ్వ లేచి, బంగారు పూత చోటుచోట గుంటలు పడుతుంది. ఎస్ రకంలో ముందుగా ఒక చిన్న నిరోధకం తగులుతుంది, కెపాసిటర్లు దాని గుండా నిండుతాయి, పిన్నులు పూర్తిగా కూర్చున్నాకే అసలు దారి తెరుచుకుంటుంది. 3ఎస్‌లో ఈ రవ్వ చిన్నదే, అక్కడ ఇందుకోసం అదనపు డబ్బు పెట్టనక్కరలేదు.

కరెంటు 100 ఆంపియర్లు దాటి నిలిచే పోటీ పడవలకు ఈ తొడుగు కనెక్టర్ల కంటే 5.5, 6.5 లేదా 8 మి.మీ. విడి బులెట్లే, అంటే తొడుగు లేకుండా ఒక్కో తీగకు విడిగా అతికే గుండ్రటి పిన్నులే, మేలు. స్పర్శ వైశాల్యం ఎక్కువ, కరిగే నైలాన్ తొడుగు లేదు, చీలికలున్న గట్టి బులెట్ వదులైతే సన్నని కత్తి మొనతో ఆ చీలికలను కొద్దిగా విప్పి బిగువు తిరిగి తేవచ్చు. ప్రతి బ్యాటరీకి ఒక తీగకు మగ బులెట్, మరో తీగకు ఆడ బులెట్ పెడితే, బరువు సమంగా ఉండేందుకు ఎడమా కుడీ ఉంచే రెండు బ్యాటరీలను అడాప్టరు లేకుండానే సిరీస్‌లో కలపవచ్చు, ఈఎస్‌సీకి తిరగేసి తగిలించే అవకాశమూ తగ్గుతుంది. అయితే అదే అమరికలో ఒక బ్యాటరీ మగ కొన దాని సొంత ఆడ కొనలోనే సరిగ్గా దూరుతుంది, అలా దూరితే నేరుగా షార్టే. పడవలో లేని ప్రతి క్షణం ఆ కొనలకు రబ్బరు తొడుగులు ఉండి తీరాలి. ఆ క్రమశిక్షణ లేనివారు, ముఖ్యంగా పిల్లలతో కలిసి పడవ నడిపేవారు, విడి బులెట్ల జోలికి పోకుండా, ప్రొపెల్లరును ఒక సైజు తగ్గించి కరెంటును తొడుగు కనెక్టరు మోయగలిగినంతకు దించుకోవడం మంచిది.

నీటి విషయంలో ఈ మూడింటికీ పెద్ద తేడా లేదు, ఏదీ నీరు చొరనిది కాదు. చెరువు నీటిలో తడిస్తే ఊడదీసి ఆరబెడితే చాలు. సముద్రపు నీరు తగిలితే మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరాక పిన్నులకు పలుచగా డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటును పారనివ్వని గ్రీజు) పూయాలి. అతుకును కప్పే ష్రింక్ ట్యూబు (వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ గొట్టం) వదులుగా ఉంటే ఉప్పునీరు తీగ పోగుల వెంట లోపలికి పాకి రాగిని నల్లగా మారుస్తుంది, అలా నల్లబడిన రాగికి టంకం అంటదు, తీగను శుభ్రమైన రాగి కనబడేదాకా కత్తిరించవలసిందే.