విశాఖ నుంచి భీమిలి, రాజమండ్రి, అరకు: స్పోర్ట్స్ సెడాన్‌కు ఎక్కడ ఎంత మైలేజీ, ఏ పెట్రోల్ చాలు

బీఎండబ్ల్యూ ఎం340ఐ లాంటి కారును దృష్టిలో పెట్టుకుని రాస్తున్నది ఇది. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల టర్బో ఇంజిన్, 374 హార్స్‌పవర్, 59 లీటర్ల ట్యాంకు. రెండు లీటర్ల టర్బో ఉన్న ఆడి ఏ4, మెర్సిడెస్ సీ క్లాస్ వాళ్లు కింది మైలేజీ అంకెలకు రెండు, మూడు కిలోమీటర్లు కలుపుకుంటే సరిపోతుంది. ఈ కార్ల గురించి విశాఖలో ఎక్కువగా వినిపించే ప్రశ్న 95 ఆక్టేన్ పెట్రోల్ కొట్టించాలా, 100 కొట్టించాలా అని. ఒత్తిడికీ వేడికీ తనంతట తాను అంటుకోకుండా పెట్రోల్ ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె ఆక్టేన్. మైలేజీని ఆక్టేన్ నంబరు కన్నా రోడ్డూ, వేగమూ, టైర్లలో గాలీ ఎక్కువగా మారుస్తాయి. ఇంజిన్ ఆరోగ్యానికైతే నంబరు కన్నా బంకు శుభ్రతే ముఖ్యం.

ముందు ఊళ్లో సంగతి. జగదాంబ, సిరిపురం, మద్దిలపాలెం, ఎన్ఏడీ మధ్య తిరిగితే లీటరుకు 6 నుంచి 8 కిలోమీటర్లు వస్తాయి. అంతకన్నా ఎక్కువ ఆశించొద్దు. ఇక్కడి ఉక్కపోతకు ఏసీ కంప్రెసర్ దాదాపు ఆగకుండా తిరుగుతుంది కాబట్టి సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగే సౌకర్యం వేసవిలో సగం సార్లు పనిచేయదు. ఏసీతో నిలబెడితే గంటకు లీటరుకు పైనే ఖర్చవుతుంది. ఇంజిన్ వేడెక్కకముందే ముగిసే మూడు, నాలుగు కిలోమీటర్ల ప్రయాణాలు అన్నిటికన్నా చెడ్డవి. చల్లని ఇంజిన్‌తో నేరుగా యారాడ కొండెక్కితే డాష్‌బోర్డు మీద 4 కనిపించినా కంగారు పడక్కర్లేదు.

బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాకా సుమారు 25 కిలోమీటర్లు. తెల్లవారి ఆరు లోపు బయల్దేరితే 12 దాటుతుంది. ఆదివారం సాయంత్రమైతే రుషికొండ దగ్గరే సగం పెట్రోల్ ఆవిరి. స్పీడ్ బ్రేకర్ల మీద ఈ కార్ల ముందు బంపర్ కింది అంచు గీసుకుంటుంది. నేరుగా కాకుండా కాస్త ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కేలా పోనివ్వండి. బస విషయానికొస్తే, నోవోటెల్ వరుణ్ బీచ్, ది పార్క్ లాంటి సముద్రం ఒడ్డు హోటళ్లలో గది ఎంత బాగున్నా, బుక్ చేసేటప్పుడు కారుకు పైకప్పున్న చోటు ఇస్తారా అని అడగండి. రాత్రంతా ఉప్పుగాలిలో నిలబడిన కారుకు పొద్దున బ్రేక్ డిస్కుల మీద ఎర్రటి తుప్పు పొర కనిపిస్తుంది. అది రెండు, మూడు బ్రేకులకు పోతుంది కానీ రేడియేటర్ రెక్కల మీద పేరుకున్న ఉప్పు పోదు. తిరిగొచ్చాక మామూలు నీళ్లతో, ప్రెజర్ తగ్గించి, ముందు గ్రిల్లూ అడుగు భాగమూ కడిగించాలి. బేస్‌మెంట్ పార్కింగ్ అయితే ర్యాంపు చివర వంపు ఎలా ఉందో దిగి చూశాకే కారు దించండి.

ఈ కారు నిజంగా సుఖపడేది హైవే మీదే. ఆనందపురం, పెందుర్తి, అనకాపల్లి ఆరు వరుసల రోడ్డు వచ్చాక రాజమండ్రి వెళ్లేవాళ్లు ఎన్ఏడీ, గాజువాక రద్దీలో పడనక్కర్లేదు. మధురవాడ, కొమ్మాది వైపు ఉండేవాళ్లకు దూరం కాస్త పెరిగినా పెట్రోల్ మిగులుతుంది. వేంపాడు టోల్ దాటాక 80, 90 మధ్య నిలకడగా పోతే 14 నుంచి 16 వస్తుంది. వేగం 80 నుంచి 100కు పెంచితే గాలి అడ్డు 56 శాతం పెరుగుతుంది, మైలేజీ 12, 13కు దిగుతుంది. నైరుతి రుతుపవనాల రోజుల్లో రాజమండ్రి వైపు వెళ్లేటప్పుడు గాలి ఎదురు, వచ్చేటప్పుడు వెనక నుంచి. అందుకే ఒక వైపు లెక్క చూసి కారును మెచ్చుకోవద్దు, తిట్టొద్దు. రానూపోనూ కలిపి చూడాలి.

లెక్క కట్టే పద్ధతి కూడా సరిగా ఉండాలి. డాష్‌బోర్డు అంకె సాధారణంగా కాస్త ఎక్కువే చూపిస్తుంది. ఒకే బంకులో, అదే పంపు దగ్గర, నాజిల్ మొదటిసారి టక్కున ఆగేదాకా పోయించి ట్రిప్ మీటర్ సున్నా చేయాలి. ఆపైన రౌండ్ ఫిగర్ కోసం పోయనివ్వొద్దు. కనీసం 30 లీటర్లు ఖర్చయ్యాక మళ్లీ అక్కడే అలాగే నింపి, తిరిగిన దూరాన్ని పోసిన లీటర్లతో భాగించాలి. టైర్ల సైజు మార్పించినవాళ్లు దూరాన్ని జీపీఎస్‌తో సరిచూసుకోవాలి.

ఇక అరకు. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా సుమారు 115 కిలోమీటర్లు. ఎస్.కోట దాటాక ఘాట్ మొదలవుతుంది. టైడా, అనంతగిరి మీదుగా గాలికొండ దగ్గర రోడ్డు 1,200 మీటర్ల పైకి చేరుతుంది. మనుషులు, సామాన్లతో రెండు టన్నుల బరువును అంత ఎత్తుకు మోయడానికి 23 మెగాజౌళ్లకు పైగా శక్తి కావాలి. లీటరు ఈ20 పెట్రోల్‌లో (ఇప్పుడు బంకుల్లో మామూలుగా దొరికే, 20 శాతం ఇథనాల్ కలిసినది) ఉండేది 30 మెగాజౌళ్లు, అందులో చక్రాలకు చేరేది మూడో వంతు లోపే. అంటే రోడ్డు దూరానికయ్యేది కాక, కేవలం ఎత్తు ఎక్కినందుకే రెండున్నర నుంచి మూడు లీటర్లు. ఘాట్‌లో 5, 6 కనిపించేది అందుకే, కారులో లోపమేమీ లేదు. దిగేటప్పుడు గేరులో ఉంచి కాలు తీస్తే ఇంజెక్టర్లు పూర్తిగా మూసుకుంటాయి, ఆ కాసేపు ఖర్చు సున్నా. కొన్ని కార్లు ఎకో మోడ్‌లో గేరు వదిలేసి జారుతూ పోతాయి. ఘాట్‌లో అది వద్దు. స్పోర్ట్ లేదా మాన్యువల్‌లో రెండు, మూడు గేర్లలో దిగితే పెట్రోలూ కాలదు, బ్రేకులూ కాలవు. మొత్తం రానూపోనూ 9 నుంచి 10 వేసుకుంటే 25 లీటర్లు చాలు. విశాఖలో ట్యాంకు నింపుకుని వెళ్తే అరకులో బంకు కోసం చూడనక్కర్లేదు.

ఎక్కేటప్పుడు పై గేరులో, 1,500 ఆర్‌పీఎం దగ్గర, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే టర్బో ఇంజిన్‌లో మిశ్రమం స్పార్క్ కన్నా ముందే అంటుకోవచ్చు. పిస్టన్లను పాడుచేసేది ఇదే, దీన్ని మంచి పెట్రోల్ కూడా పూర్తిగా ఆపలేదు. గేరు దించి 2,500 పైన ఎక్కించండి.

బసకు ఏపీ టూరిజం వాళ్ల టైడా జంగిల్ బెల్స్, అనంతగిరి హరిత, అరకులో హరిత వ్యాలీ, మయూరి ఉన్నాయి. అడవి కావాలంటే టైడా మంచిది, కానీ అది ఘాట్ దారిలోనే ఉంది. పొద్దున కారు తీయగానే ఎక్కుడు. ఆయిల్ వేడెక్కేదాకా పది నిమిషాలు 3,000 ఆర్‌పీఎం దాటించొద్దు. చలికాలంలో అరకులోనే ఉంటే టైర్లు చూసుకోవాలి. విశాఖలో 30 డిగ్రీల దగ్గర నింపిన గాలి, అరకు తెల్లవారుజామున 10 డిగ్రీలకు మూడు పీఎస్ఐకి పైగా తగ్గుతుంది. పైన వాతావరణ పీడనం తక్కువ కాబట్టి గేజ్‌లో ఒకటిన్నర వరకు కలిసొస్తుంది. మిగిలేది దాదాపు రెండు లోటు. హెచ్చరిక లైటు వెలిగితే పంక్చరని భయపడక ముందు గేజ్ పెట్టి చూడండి. రన్‌ఫ్లాట్ టైర్లు (గాలి పోయినా కొంత దూరం నడిచేవి) నిజంగానే పంక్చరైతే వాటిని విప్పే యంత్రం కోసం విశాఖ రావాల్సిందే. ఇలాంటి కార్లలో చాలావాటికి స్టెప్నీ ఉండదు, పంక్చర్ కిట్టూ గాలి పంపూ డిక్కీలో ఉండాలి. వంజంగి కొండకు కారును పాడేరులో వదిలి అక్కడి జీపు ఎక్కండి. ఈ కారు అడుగు ఆ దారికి పనికిరాదు.

పెట్రోల్ ఎంపికకు మొదటి ఆధారం ట్యాంకు మూత లోపలి స్టిక్కర్. కనీస ఆక్టేన్, సిఫారసు ఆక్టేన్, ఇథనాల్ పరిమితి అక్కడా, మాన్యువల్‌లోనూ ఉంటాయి. ఈ20 పెట్రోల్‌కు 95 ఆక్టేన్ ఉంటుందని పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో చెప్పింది. కారు ఈ20కి తగినదైతే ఊళ్లో తిరగడానికి మామూలు పెట్రోల్ చాలు. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ కాబట్టి, ఇథనాల్ లేని పెట్రోల్‌తో పోలిస్తే మైలేజీ 6, 7 శాతం తగ్గడం సహజం. ఈ10తో పోలిస్తే అందులో సగం.

మే నెలలో ఘాట్ ఎక్కుతున్నా, నాలుగు సీట్లూ నిండినా ఎక్స్‌పీ95, పవర్95 లాంటి ప్రీమియం పెట్రోళ్ల ఆక్టేన్ కూడా 95 కాబట్టి అందులో ఈ20 కన్నా పెద్ద తేడా రాదు. లాభమల్లా, వాటిలోని డిటర్జెంట్లు ఇంజెక్టర్లను శుభ్రంగా ఉంచుతాయి. ఇన్‌టేక్ వాల్వుల మీది మసిని మాత్రం కడగలేవు, ఎందుకంటే డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ వాల్వులను తాకదు. 100 ఆక్టేన్ డబ్బు లెక్కకు నిలవదు. 2020 డిసెంబరులో ఎక్స్‌పీ100 ఢిల్లీలో 160 రూపాయలకు వచ్చినప్పుడు మామూలు పెట్రోల్ 80ల్లో ఉంది. ధర రెట్టింపయితే మైలేజీ కూడా రెట్టింపు కావాలి, అది ఏ ఇంజిన్‌తోనూ జరగదు.

చివరగా బంకు. హెచ్‌పీసీఎల్ రిఫైనరీ ఊళ్లోనే ఉన్నా, పెట్రోల్ చెడేది బంకు భూగర్భ ట్యాంకులో. తుపాను రోజుల్లో నీళ్లు దిగితే ఇథనాల్ ఆ నీటిని పట్టుకుని అడుగుకు చేరుతుంది, పైన మిగిలిన పెట్రోల్ ఆక్టేన్ పడిపోతుంది. వాన నీళ్లు నిలిచే పల్లపు బంకులను అక్టోబరు, నవంబరుల్లో వదిలేయండి. ట్యాంకర్ దించుతున్నప్పుడు అడుగు మురికి లేస్తుంది, అప్పుడూ పోయించుకోవద్దు. ప్రీమియం పెట్రోల్ ఎక్కువ అమ్ముడుపోయే బంకునే ఎంచుకోండి. అనుమానం వస్తే ఫిల్టర్ పేపరు, హైడ్రోమీటరు, అయిదు లీటర్ల కొలపాత్ర అడిగే హక్కు మీకుంది. కొలతలో తేడా 25 మిల్లీలీటర్లు దాటకూడదు. 15 డిగ్రీలకు సవరించిన సాంద్రత రిజిస్టరులో రాసినదానికి 3 యూనిట్ల కన్నా తేడాగా ఉంటే అక్కడ పోయించుకోకుండా వచ్చేయండి.